కొమ్ము ఉన్న ప్రతి చేపా కత్తి చేప కాదు

హైదరాబాద్‌కు సముద్రం లేదు. బాపట్ల వైపు వెళ్లినా, మచిలీపట్నం వైపు వెళ్లినా తీరం మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. అయినా ఆదివారం పొద్దున రాంనగర్‌కో ముషీరాబాద్‌కో బేగంబజార్‌కో వెళ్తే, రవ్వ, బొచ్చె, కొరమీను కుప్పల పక్కనే ఐసు నింపిన థర్మాకోల్ పెట్టెల్లో వంజరం, చందువా కనిపిస్తాయి. అప్పుడప్పుడు వాటి మధ్య తల తీసేసిన మొండెం ఒకటి, మనిషి నడుమంత లావున, నల్లటి చర్మంతో పడి ఉంటుంది. పెద్ద కత్తితో అడ్డంగా చక్రాల్లా కోసి కిలోల లెక్కన అమ్ముతారు. ఏం చేప అని అడిగితే ఒకరు కొమ్ము కోనాం అంటారు, ఇంకొకరు స్వోర్డ్‌ఫిష్ అంటారు, మరొకరు కత్తి చేప అంటారు. ముగ్గురూ చూపించేది ఒకే ముక్కను.

ఈ తికమకకు మూలం తీరంలోనే ఉంది. మనం వంజరం అనే చేపను ఉత్తర కోస్తాలో కోనాం అంటారు. ముట్టె ముందుకు పొడుచుకొచ్చి కొమ్ములా ఉన్న పెద్ద చేప ఏది దొరికినా అది కొమ్ము కోనాం అయిపోతుంది. మత్స్యకారుడికి ఆ పేరు చాలు, ఎందుకంటే పడవలో అతనికి ముఖ్యం ఆ కొమ్ము నుంచి తప్పించుకోవడం. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకు వెళ్లిన ఒక మత్స్యకారుణ్ణి గాలానికి చిక్కిన భారీ కొమ్ము కోనాం సముద్రంలోకి లాక్కుపోయిందని పత్రికలన్నీ రాశాయి. అది బ్లాక్ మార్లిన్ అనే జాతి. మన తూర్పు తీరంలో కొమ్ము కోనాం పేరుతో ఎక్కువగా చెలామణి అయ్యేవి మార్లిన్‌లు, తెరచాపలాంటి వీపు రెక్క ఉన్న సెయిల్‌ఫిష్‌లే. అసలైన కత్తి చేప వేరు. వంట చేసేవారికీ, తినేవారికీ, సముద్రం బాగోగులు పట్టించుకునేవారికీ ఆ తేడా తెలియడం అవసరం.

శాస్త్రవేత్తలు దాన్ని జిఫియాస్ గ్లాడియస్ అంటారు. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరు అది. మొదటి మాట గ్రీకులో కత్తి, రెండోది లాటిన్‌లో కత్తి. జిఫిడే కుటుంబంలో నేడు బతికి ఉన్న జాతి ఇదొక్కటే. మార్లిన్‌లు, సెయిల్‌ఫిష్‌లు మరో కుటుంబానికి చెందినవి. కొమ్మును అడ్డంగా కోస్తే వాటిది దాదాపు గుండ్రంగా, దబ్బనంలా ఉంటుంది. కత్తి చేపది బల్లపరుపుగా, అంచులు పదునుగా, నిజంగానే కత్తి అలుగులా ఉంటుంది. దానికి పొట్ట కింద రెక్కలు ఉండవు. పెద్దయ్యాక పళ్లు ఉండవు, పొలుసులు కూడా రాలిపోతాయి. వీపు మీద రెక్క పొట్టిగా, కొడవలిలా నిటారుగా నిలబడి ఉంటుంది, మడుచుకోదు. తోక మొదట్లో ఇరువైపులా ఒక్కో గట్టి అంచు ఉంటుంది, మార్లిన్‌కైతే రెండేసి ఉంటాయి. రంపపు చేప కథ పూర్తిగా వేరు. అది సొరచేపలకు, టేకు చేపలకు దగ్గరి చుట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న ఆ జీవిని పట్టడం, అమ్మడం నేరం.

కత్తి చేప నాలుగున్నర మీటర్ల పొడవు, ఆరు వందల కిలోలకు పైగా బరువు పెరగగలదు. ఆడ చేపలే పెద్దవి. బాగా ఎదిగిన ఆడ చేప కడుపులో కోటిన్నరకు పైగా గుడ్లు ఉంటాయి. వాటి నుంచి వచ్చే పిల్ల పొడవు నాలుగు మిల్లీమీటర్లు. ఇంత చిన్న పిల్ల తొలి ఏడాదిలోనే దాదాపు మూడు అడుగుల చేప కావడం సముద్రంలో జరిగే పెద్ద వింతల్లో ఒకటి.

అసలు వింత మాత్రం దాని దినచర్యలో ఉంది. రాత్రి కత్తి చేప సముద్రం పైపొరల్లో తిరుగుతుంది. తెల్లవారే వేళకు దిగడం మొదలుపెట్టి, పగలంతా మూడు వందల నుంచి ఆరు వందల మీటర్ల లోతున, ఇంకా కిందికి కూడా వెళ్లి ఉంటుంది. చీకటి పడుతుండగా మళ్లీ పైకి వస్తుంది. అమెరికాలోని ఉడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన ఫ్రాన్సిస్ కేరీ 1970ల చివర, 1980లలో చేపలకు శబ్ద సంకేతాలు పంపే పరికరాలు తగిలించి, పడవలో రాత్రింబవళ్లు వెంబడించి ఈ రాకపోకలను నమోదు చేశారు. చేప గడియారాన్ని కాదు, వెలుతురును అనుసరిస్తోందని ఆ నమోదుల్లో తేలింది. తనకు కావలసినంత మసక వెలుతురు ఏ లోతులో ఉంటే ఆ లోతుకు అది చేరుకుంటుంది. పున్నమి రాత్రి వెన్నెల నీళ్లలోకి దిగినప్పుడు మామూలు కన్నా లోతున ఆగిపోతుంది.

ఎందుకీ ప్రయాణం? స్క్విడ్‌లు అనే మెత్తని ఒంటి సముద్ర జీవులు, చిన్న చేపలు కూడా పగలు లోతుల్లో దాక్కొని రాత్రి మేతకు పైకి వస్తాయి. కత్తి చేప వాటి వెంటే తిరుగుతుంది. కానీ కింద చీకటి, చలి. పైన ఇరవై ఏడు డిగ్రీలు ఉన్న నీరు అయిదారు వందల మీటర్ల కింద పది డిగ్రీల దగ్గరకు పడిపోతుంది. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిని బట్టి మారుతుంది కనుక, అంత చలిలో కళ్లూ మెదడూ మందగించాలి. కత్తి చేప దీనికి ఒక ఉపాయం పొందింది. కంటిని తిప్పే కండరాల్లో ఒకటి దాని శరీరంలో కదిలే పని మానేసి వేడి పుట్టించే పొయ్యిగా మారింది. ఆ వేడి మెదడును, కళ్లను చుట్టూ ఉన్న నీటి కన్నా పది పదిహేను డిగ్రీలు వెచ్చగా ఉంచుతుంది. 1982లో కేరీయే ఈ సంగతి ప్రకటించారు. వెచ్చని కన్ను కదలికలను చల్లని కంటి కన్నా పది రెట్లకు పైగా వేగంగా పసిగట్టగలదని 2005లో వెలువడిన మరో పరిశోధన చూపింది. ఒళ్లంతా వేడి చేసుకోవడానికి బోలెడంత తిండి కావాలి. కత్తి చేప వేటకు అత్యవసరమైన రెండు అవయవాలనే వెచ్చగా పెట్టుకొని, మిగతా ఒంటిని చలికి వదిలేసింది. ప్రకృతి పొదుపుకు ఇంతకన్నా అందమైన ఉదాహరణ దొరకడం కష్టం.

దాని వేగం గురించి మాత్రం చాలా పుస్తకాలు అతిశయోక్తి చెబుతున్నాయి. గంటకు తొంభై ఏడు కిలోమీటర్లన్న లెక్క ఓడ చెక్కల్లో దిగబడిన కొమ్ముల లోతును బట్టి కట్టిన పాత అంచనా. సెయిల్‌ఫిష్ కండరాల సంకోచ వేగాన్ని కొలిచిన 2016 నాటి అధ్యయనంలో దాని గరిష్ఠ వేగం సెకనుకు పది మీటర్ల లోపే, అంటే గంటకు ముప్పై ఆరు కిలోమీటర్ల లోపే తేలింది. కత్తి చేపకు ఇంతకన్నా ఆసక్తికరమైన విశేషం తలలో ఉంది. కొమ్ము మొదట్లో నూనె ఊరే గ్రంథి ఒకటుంది. సన్నని రంధ్రాల గుండా ఆ నూనె తల మీదికి వచ్చి, నీటి రాపిడిని తగ్గిస్తుందని డచ్ శాస్త్రవేత్త జాన్ విడెలర్ బృందం 2016లోనే వివరించింది. కొమ్ము పని గుచ్చడం కన్నా నరకడమే. స్క్విడ్‌ల గుంపులోకి దూసుకెళ్లి అడ్డంగా విసిరి, గాయపడ్డవాటిని మింగుతుంది.

లోతున తనకు అడ్డొచ్చినది ఏదైనా అది పొడవగలదని 1967లో ఆల్విన్ జలాంతర్గామి సిబ్బంది కళ్లారా చూశారు. అమెరికాలోని జార్జియా తీరానికి ఆవల, దాదాపు ఆరు వందల మీటర్ల లోతున ఉండగా ఒక కత్తి చేప వచ్చి ఆ చిన్న జలాంతర్గామిని కొట్టింది. కొమ్ము పైతొడుగు అతుకుల మధ్య ఇరుక్కుపోయింది. పరిశోధన ఆపి పైకి రావాల్సి వచ్చింది, చేపా దాంతోపాటే వచ్చింది. సిబ్బంది దాన్ని వండుకొని తిన్నారు. పట్టపగలు అంత లోతున ఆ చేప తిరుగుతుందనడానికి అప్పటికి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

రోజూ ఇంత ఎత్తుపల్లాల ప్రయాణం చేసే ఒళ్లు కనుక మాంసం గట్టిగా, దట్టంగా ఉంటుంది. మధ్యలో ఒకే వెన్నెముక, చుట్టూ నాలుగు పెద్ద కండలు. సన్నని ముళ్ల బెడద లేదు. రవ్వలో, బొచ్చెలో ముళ్లు ఏరుకుంటూ పెరిగిన హైదరాబాద్ పిల్లలకు ఇది వేరే లోకపు చేపే. ఎముక లేని ముక్కలనే కోరుకొని అపోలో ఫిష్‌ను తన పేటెంటులా చేసుకున్న నగరమిది. అలాంటి చోట కత్తి చేపకు గిరాకీ రావడం సహజం. వంద గ్రాముల పచ్చి ముక్కలో దాదాపు ఇరవై గ్రాముల మాంసకృత్తులు, ఆరేడు గ్రాముల కొవ్వు ఉంటాయి. సిసిలీలో, ముఖ్యంగా మెస్సినాలో, టమాటా, ఆలివ్ కాయలతో కలిపి నెమ్మదిగా ఉడికిస్తారు. టర్కీలో ముక్కలు పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. మన చింతపండు పులుసుకు కూడా అది సరిపోతుంది, ఎందుకంటే ఎంత కలిపినా ముక్క చెదరదు. అయితే వంజరం ముక్కను వేయించినంతసేపు పెనం మీద ఉంచితే ఎండిపోయి పీచులా అవుతుంది. మందపాటి ముక్కను బాగా కాగిన పెనం మీద రెండు వైపులా ఎర్రబడనిచ్చి, మధ్యలో తెల్లబడగానే దించేయాలి. చవకైన వేపుడుకు దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి మైదాలో ముంచి నూనెలో పడేయడం ఆ మాంసానికి అన్యాయం.

ఆ రుచినిచ్చిన లోతే దాని మాంసంలోకి పాదరసాన్ని కూడా తెస్తుంది. బొగ్గు మంటలు, బంగారు గనులు, అగ్నిపర్వతాల నుంచి వచ్చే పాదరసం సముద్రంలో చేరాక, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. చిన్న జీవి నుంచి పెద్ద జీవికి పోతూ పోతూ అది చిక్కబడుతుంది. కత్తి చేప ఆ వరుసలో చివర ఉంటుంది, పైగా పదిహేనేళ్లు దాటి బతకగలదు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. లోతుకు కూడా ఇందులో వాటా ఉందని హవాయి చుట్టూ పట్టిన చేపల మీద 2009లో వచ్చిన అధ్యయనం చూపింది. పైపొరల్లో మేసే చేపల కన్నా లోతున మేసే చేపల్లో, అవి తినే జీవుల్లో కూడా పాదరసం ఎక్కువగా కనిపించింది.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లెక్కల ప్రకారం కత్తి చేప మాంసంలో సగటున పది లక్షల పాళ్లకు దాదాపు ఒక పాలు పాదరసం ఉంటుంది. సార్డిన్‌లో, అంటే మన కవళ్ల జాతి చేపలో, అది 0.013 పాళ్లు. అంటే డెబ్బై రెట్లకు పైగా తేడా. 1971లోనే ఆ సంస్థ కత్తి చేపను తినవద్దని దేశ ప్రజలందరికీ చెప్పింది. ఇప్పుడు ఆ హెచ్చరికను గర్భిణులకు, పిల్లలకు పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు పరిమితం చేసి, వారు తినకూడని చేపల జాబితాలో దీనితో పాటు మార్లిన్‌ను, సొరచేపను కూడా పెట్టింది. కడుపులోని బిడ్డ మెదడు రూపుదిద్దుకునే వేళ మిథైల్ మెర్క్యురీ దానికి హాని చేస్తుంది. వండితే పోదు, నిమ్మరసం పిండితే పోదు, చర్మం తీసినా పోదు. అది కండలోనే ఉంటుంది.

ఈ విషయం హైదరాబాద్ ఇళ్లలో చెప్పాల్సినంత గట్టిగా ఎవరూ చెప్పడం లేదు. గర్భిణికి చేపలు పెట్టాలన్నది మంచి మాట, పెట్టాలి. కానీ నెలలు నిండుతున్న కూతురికి బలమని కొమ్ము కోనాం ముక్కలు పులుసు పెట్టడం కన్నా కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు పెట్టడం ఎంతో మేలు. చెరువులో పెరిగే రవ్వ, బొచ్చె కూడా అంతే. అవి నీటిలోని నాచు, సూక్ష్మజీవులు తిని బతికేవి, వేట వరుసలో అడుగు మెట్టు మీద ఉంటాయి. ఆరోగ్యవంతులైన పెద్దలు ఎప్పుడో ఒకసారి కత్తి చేప తింటే భయపడాల్సింది లేదు. వారం వారం తినే చేప మాత్రం అది కాదు.

మార్లిన్ ముక్క విషయంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ట్యూనా, మార్లిన్ వంటి చేపలు పట్టిన వెంటనే ఐసులోకి చేరకపోతే వాటి మాంసంలో హిస్టమిన్ పెరుగుతుంది. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఒకసారి పెరిగాక ఉడికించినా అది పోదు. విశాఖ రేవు నుంచి హైదరాబాద్‌కు ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దారిలో ఐసు ఒక్కసారి కరిగినా ఆ సంగతి ముక్కను చూసి చెప్పలేం.

పట్టే పద్ధతులు కూడా చేప దినచర్య చుట్టూనే తిరిగాయి. చల్లని సముద్రాల్లో కత్తి చేప కొన్నిసార్లు పగటివేళ లోతు నుంచి పైకి వచ్చి, వీపు రెక్క, తోక నీటిపైన కనిపించేలా కదలకుండా ఎండ కాచుకుంటుంది. బల్లెపు వేట మొత్తం ఆ కొద్దిసేపటి మీదే ఆధారపడింది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ మెస్సినా జలసంధి దగ్గర జరిగే ఈ వేటను వర్ణించాడు. ఒడ్డున ఎత్తు మీద కావలి మనిషి, అతను చూపిన వైపు వెళ్లే పడవలు, బల్లెం. నేటికీ అక్కడ ఇరవై మీటర్లకు మించిన నిలువు స్తంభం మీద కూర్చొని చేపను వెతికే పడవలున్నాయి. ముందుకు పొడవుగా సాచిన వంతెన చివర బల్లెగాడు నిలబడతాడు. ఒక్కసారికి ఒకే చేప, అదీ కంటితో చూసి, పెద్దదో చిన్నదో తెలుసుకున్నాక. సముద్రానికి ఇంతకన్నా తక్కువ నష్టం చేసే వేట ఉండదు.

ఇరవయ్యో శతాబ్దంలో గాలాల తాడు వచ్చి లెక్క మార్చేసింది. పదుల కిలోమీటర్ల పొడవున్న తాడుకు వందలూ వేలూ గాలాలు కట్టి, స్క్విడ్ ఎర పెట్టి, పక్కన రసాయనంతో వెలిగే చిన్న గొట్టాలు తగిలించి సూర్యాస్తమయం వేళ వదులుతారు. రాత్రి పైకి వచ్చే చేప ఆ వెలుగుకు వస్తుంది. తెల్లవారి లాగేటప్పుడు కత్తి చేపలతోపాటు సొరలు, తాబేళ్లు కూడా వస్తాయి. హవాయిలో తాబేళ్ల కోసం 2001లో కత్తి చేప వేటనే ఆపేశారు. గుండ్రంగా వంగిన గాలాలు, స్క్విడ్‌కు బదులు చేప ఎర తప్పనిసరి చేశాకే 2004లో మళ్లీ అనుమతించారు.

ఉత్తర అట్లాంటిక్ కథ ఇందులో అన్నిటికన్నా ఆశ కలిగించేది. 1990ల నాటికి అక్కడ దొరికే కత్తి చేపలు చిన్నవైపోయాయి, చాలావాటికి ఒక్కసారి గుడ్లు పెట్టే వయసు కూడా రాలేదు. 1998లో అమెరికాలో రెండు పర్యావరణ సంస్థలు పిలుపునిస్తే, వందల మంది వంటవాళ్లు తమ హోటళ్లలో ఆ చేపను వండడం మానేశారు. 1999లో అట్లాంటిక్ ట్యూనా సంరక్షణ సంఘం పట్టుబడి పరిమితులతో పునరుద్ధరణ ప్రణాళిక పెట్టింది. పిల్ల చేపలు పెరిగే చోట్లలో అమెరికా గాలాల తాడును నిషేధించింది. పదేళ్లకే, 2009లో, నిల్వలు కోలుకున్నాయని తేలింది. త్వరగా పెరిగి కోట్ల గుడ్లు పెట్టే చేప కనుక, ఊపిరి పీల్చుకోనిస్తే చాలు తిరిగి లేస్తుంది. మధ్యధరా సముద్రంలో అంత అదృష్టం లేదు. అక్కడ పునరుద్ధరణ ప్రణాళిక 2016లో గానీ రాలేదు.

మన హిందూ మహాసముద్రంలో కత్తి చేప పరిస్థితి ప్రస్తుతానికి ఫర్వాలేదు. అదే సముద్రంలో చారల మార్లిన్ మాత్రం అతిగా పట్టడం వల్ల క్షీణించిందని హిందూ మహాసముద్ర ట్యూనా సంఘం పదే పదే చెబుతోంది. అంటే కత్తి చేప పేరుతో మార్లిన్ అమ్ముడుపోయినప్పుడు, కొనేవాడికి తెలియకుండానే బాగున్న చేప బదులు కష్టాల్లో ఉన్న చేప పళ్లెంలోకి వస్తోంది. పేర్ల తికమకను చిన్న విషయంగా తీసిపారేయకూడదనడానికి ఇదే పెద్ద కారణం.

వినోదం కోసం గాలం వేసేవారికి కత్తి చేప శిఖరం లాంటిది. 1913లో కాలిఫోర్నియాలోని కాటలీనా దీవి దగ్గర విలియం బోషెన్ తొలిసారి దాన్ని గాలపు కర్రతో, చేతి చక్రంతో పట్టాడు. 1953 మేలో చిలీ దేశపు ఇకీకే తీరంలో లూయీ మారన్ పట్టిన చేప బరువు 1,182 పౌండ్లు, అంటే 536 కిలోలు. ఆ రికార్డు ఇంతవరకు చెక్కుచెదరలేదు. మరుసటి ఏడాది అక్కడే ఆయన భార్య యూజీనీ 772 పౌండ్ల చేపను పట్టారు. దాని నోరు మెత్తన, గాలం చీల్చుకొని జారిపోతుంది. లోతుకు దూకితే గంటల తరబడి పోరాడాలి. ఫ్లోరిడాలో మొదట రాత్రి వేళ లైట్లు వేలాడదీసి పట్టేవారు. 2000ల తొలి ఏళ్ల నుంచి పగలే బరువు కట్టిన ఎరను అయిదు వందల మీటర్ల కిందికి దించడం నేర్చుకున్నారు. కేరీ కొలిచిన దినచర్యే ఇప్పుడు వేటగాళ్లకు దారి చూపుతోంది.

మార్కెట్లో తేడా పట్టడానికి ముక్క మీది చర్మాన్ని వేలితో తడమాలి. కత్తి చేప చర్మం నున్నగా ఉంటుంది. మార్లిన్ చర్మంలో సన్నని సూదుల్లాంటి పొలుసులు దిగబడి ఉంటాయి, వేలికి గరుకుగా తగులుతాయి. మాంసం రంగు కూడా చూడాలి. కత్తి చేపది దంతపు తెలుపు నుంచి లేత గులాబీ దాకా ఉంటుంది, రొయ్యలు బాగా తిన్న చేపదైతే నారింజ ఛాయ వస్తుంది. మార్లిన్‌ది అంతకన్నా ముదురు. కత్తి చేప ముక్కలో ముదురెరుపు నెత్తుటి గీత ఒక వంపుగా కనిపిస్తుంది. అది ఎర్రగా ఉంటే తాజా, గోధుమ రంగుకు తిరిగితే పాతది.

సముద్రం లేని ఈ నగరానికి సముద్రంతో ఉన్న చుట్టరికం మార్కెట్‌తో ఆగిపోదు. రాజేంద్రనగర్ దగ్గర వంతెన మీద వెళ్లేవారికి కనిపించే చేప ఆకారపు భవనం జాతీయ మత్స్య అభివృద్ధి మండలిది. 1999లో ఏర్పడి, ఇప్పుడు ప్రగతినగర్‌లో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు పంపే నీటి ఉష్ణోగ్రత, పచ్చదనం లెక్కలు చూసి చేపలు ఎక్కడ గుమిగూడవచ్చో తీరంలోని మత్స్యకారులకు చెబుతుంది. ఉపగ్రహం చూడగలిగేది పైపొరనే. ఆ పొర కింద ఏముందో చెప్పడానికి ఆర్గో అనే తేలే గొట్టాలున్నాయి. అవి రెండు వేల మీటర్ల లోతు దాకా దిగి, పది రోజులకోసారి పైకి వస్తూ దారి పొడవునా వేడిని, ఉప్పదనాన్ని కొలుస్తాయి. హిందూ మహాసముద్రంలో మన దేశం వదిలిన గొట్టాల సమాచారం వచ్చి చేరేది ప్రగతినగర్‌కే. వెచ్చని పైపొర ఎక్కడ ముగుస్తుంది, చలి ఎక్కడ మొదలవుతుంది అన్న గీత అక్కడి కంప్యూటర్ తెరల మీద కనిపిస్తుంది. బంగాళాఖాతంలో ఎక్కడో, ఏ తెల్లవారుజామునో, ఒక కత్తి చేప అదే గీతను దాటి కిందికి దిగుతూ ఉంటుంది.